గుంజలు పాతే న్యూట్రాన్

(భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ., బీ.ఎస్సీ. విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ముందు రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీదున్నది చిన్న వస్తువు, అంత దూరం నుంచి కనపడదు. రండి, మొహమాటం వద్దు.

ఇదిగో, నల్లటి బిళ్ల. క్యారమ్ స్ట్రైకర్ అంత ఉంటుంది, మందం ఇంకాస్త ఎక్కువ. యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన సెరామిక్ ఇది. వైబీసీఓ అంటాం. సెరామిక్ అంటే పింగాణీ జాతి. కింద పడితే పగులుతుంది. దీన్ని ఈ థర్మాకోల్ డబ్బాలో పెట్టి, పైన ఒక అట్టముక్క, ఆ అట్టముక్క మీద అయస్కాంతం పెట్టి లిక్విడ్ నైట్రోజన్ పోశాను. 77 కెల్విన్లు. అంటే మైనస్ 196 డిగ్రీలు. ఇందాక బుసబుసా మరిగింది, ఇప్పుడు సద్దుమణిగింది. బిళ్ల చల్లబడిందన్నమాట. అట్టముక్క లాగేస్తున్నాను. అయస్కాంతాన్ని పట్టుకుని పైకెత్తుతున్నాను, చూడండి. బిళ్ల కూడా దానితో లేచింది. మధ్యలో ఖాళీ అలాగే ఉంది. అటూ ఇటూ ఊపితే ఊగి మళ్లీ తన చోటికే వస్తోంది.

ఇంత చల్లబడితే ఈ బిళ్ల అతివాహకం అవుతుంది, అంటే కరెంటుకి నిరోధం సున్నా. అతివాహకం అయస్కాంతాన్ని దూరంగా తోసేస్తుందని మీరు పుస్తకంలో చదువుకున్నారు. మరి ఇది పట్టుకుని వదలట్లేదేం? పుస్తకం తప్పా? తప్పు కాదు. బిళ్లలో లోపాలు ఉన్నాయి, అందుకే పట్టుకుంది. ఎక్కడా ఒక్క అణువు కూడా గతి తప్పని, పరమ శుద్ధమైన స్ఫటికమైతే ఇలా పట్టుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఈ గంటసేపూ దీని చుట్టూనే తిరుగుతాం. ఇలాంటి సెరామిక్‌ని తీసుకెళ్లి రియాక్టర్లో పెట్టి న్యూట్రాన్లతో కొట్టిస్తే ఏమవుతుంది? బాగుపడుతుందా, పాడైపోతుందా? రెండూ అవుతాయి. ఏది ముందు, ఏది ఎప్పుడు, ఎంత దెబ్బకి, అదే ఇవాళ్టి కథ.

ముందు సుడుల సంగతి చెప్పాలి. వైబీసీఓ రెండో రకం అతివాహకం. అయస్కాంత క్షేత్రం కాస్త పెరగ్గానే దీని లోపలికి జొరబడుతుంది. ఎలా జొరబడుతుందంటే సన్నటి గొట్టాల్లాగా. ఒక్కో గొట్టం చుట్టూ కరెంటు సుడి తిరుగుతూ ఉంటుంది. 1957లో అబ్రికొసోవ్ ఈ మాట లెక్క వేసి చెప్పాడు, 2003లో నోబెల్ వచ్చింది. ప్రతి సుడీ మోసే అయస్కాంత ప్రవాహం ఒకటే: 2.07×10⁻¹⁵ వెబర్లు. పదార్థం ఏదైనా సరే, అదే అంకె. ఒక టెస్లా క్షేత్రంలో చదరపు సెంటీమీటరుకి ఎన్ని సుడులు ఉంటాయో భాగించి చూడండి. దాదాపు 4,800 కోట్లు! పక్కపక్క సుడుల మధ్య దూరం 50 నానోమీటర్ల లోపు. క్షేత్రం 20 టెస్లాలకి పెంచితే ఆ దూరం 11 నానోమీటర్లకి తగ్గిపోతుంది. ఈ 11 అనే అంకెని మళ్లీ వాడతాను.

ఇప్పుడు బిళ్ల గుండా కరెంటు పంపామనుకోండి. కరెంటు ఉంది, అయస్కాంత క్షేత్రం ఉంది, కాబట్టి బలం ఉంటుంది. లోరెంజ్ బలం. ఆ బలం సుడుల్ని పక్కకి తోస్తుంది. సుడి కదిలిందంటే వోల్టేజీ పుట్టింది, వోల్టేజీ పుట్టిందంటే వేడి పుట్టింది, వేడి పుట్టిందంటే మన అతివాహకం మామూలు తీగ అయిపోయింది. నిరోధం సున్నా అని మనం మురిసిపోయే గుణం నిలవాలంటే సుడులు కదలకూడదు. కదలకుండా వాటిని ఎవరు పట్టుకోవాలి?

మా చిన్నప్పుడు మా ఊళ్లో గేదెల్ని బీటికి తోలుకెళ్లి గుంజకి కట్టేసేవాళ్లు. మీలో ఎంతమంది గుంజ చూశారు? పర్లేదు, చాలామందే ఉన్నారు. నేలలోకి దిగ్గొట్టిన కర్ర. గేదె ఎంత లాగినా తాడు పొడుగు మేరకే. స్ఫటికంలో లోపం అలాంటి గుంజ. ఎందుకంటే సుడి మధ్యభాగంలో అతివాహకత చచ్చిపోయి ఉంటుంది. దాన్ని చంపడానికి శక్తి ఖర్చవుతుంది. స్ఫటికంలో అప్పటికే చెడిపోయిన చోటు ఒకటి ఉంటే, సుడి పోయి అక్కడ కూర్చుంటుంది. ఖర్చు లేదు కదా! కూర్చున్నాక లేవదు. వైబీసీఓలో సుడి మధ్యభాగం ఎంత వెడల్పు అంటే, బాగా చల్లగా ఉన్నప్పుడు సుమారు 3 నానోమీటర్లు. అంటే గుంజ కూడా దాదాపు అంతే ఉండాలి. మరీ పెద్దదైతే స్థలం వృథా, మరీ చిన్నదైతే పట్టు చాలదు.

ఇక న్యూట్రాన్ దగ్గరికి వద్దాం. కానీ ముందు ఈ పదార్థం ఎక్కడిదో రెండు ముక్కల్లో చెప్తాను. అతివాహకత 1911లో లైడెన్‌లో పాదరసంలో దొరికింది, 4.2 కెల్విన్ల దగ్గర. ఆ తర్వాత 75 ఏళ్లు లోహాలతోనే నడిచింది. 1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడ్ సెరామిక్‌లో 30 కెల్విన్లు దాటించారు. సెరామిక్! అప్పటిదాకా కరెంటు ఆపడానికి స్తంభాల మీద పెట్టే పదార్థం. మరుసటి ఏడాదే, 1987లో, అమెరికాలో పాల్ చూ, మావ్-క్వెన్ వూ బృందాలు వైబీసీఓతో 93 కెల్విన్ల దాకా వెళ్లాయి. లిక్విడ్ నైట్రోజన్ చాలు, హీలియం అక్కర్లేదు.

నేను రీసెర్చిలో చేరిన కొత్తలో మా గైడు గారు నాకిచ్చిన మొదటి పని ఇదే. యిట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్, లోహాల నిష్పత్తి ఒకటి, రెండు, మూడు. అగేట్ కల్వంలో వేసి నూరడం. గంటలు గంటలు నూరడం, భుజం పట్టేసేది. బూడిద రంగు పొడి. 900 దాటిన వేడిలో కొలిమిలో పెట్టి, తీసి, మళ్లీ నూరి, బిళ్లలు కొట్టి, మళ్లీ కొలిమిలో, చివర్లో ఆక్సిజన్ పంపుతూ మెల్లగా చల్లార్చడం. తీశాక నల్లగా ఉంటే ప్రాణం లేచొచ్చేది. ఆకుపచ్చగా ఉందంటే పాళ్లు తప్పాయి, యిట్రియం ఎక్కువున్న ఇంకో పదార్థం తయారైందన్నమాట. నా మొదటి మూడు బిళ్లలూ పచ్చటివే. నాలుగోది నల్లగా వచ్చింది. నైట్రోజన్‌లో వేశాం, అయస్కాంతం కాస్త తేలింది. ఎంతో సంతోషపడ్డాం. కానీ కరెంటు పంపి కొలిస్తే చదరపు సెంటీమీటరుకి వంద ఆంపియర్లు దాటగానే చేతులెత్తేసింది.

ఎందుకో చెప్తాను, ఇది తర్వాత న్యూట్రాన్ల దగ్గర పనికొస్తుంది. అలా కాల్చిన బిళ్ల ఒకే స్ఫటికం కాదు. కోట్ల చిన్న చిన్న రేణువులు అతుక్కుని ఉంటాయి. ఒక్కో రేణువు లోపల కరెంటు దర్జాగా పోతుంది. రేణువుకీ రేణువుకీ మధ్య సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఊళ్లో రోడ్లన్నీ బాగున్నా ఊరికీ ఊరికీ మధ్య వంతెన కూలిపోయి ఉంటే బస్సు ఎలా వెళ్తుంది? అలాంటి బిళ్లని న్యూట్రాన్లతో కొడితే ఏమైందో తెలుసా? రేణువుల లోపలి కరెంటు పెరిగింది, బిళ్ల మొత్తం మోసే కరెంటు తగ్గింది. సుడుల్ని కట్టేసే గుంజలు లోపల పెరిగాయి, బయట వంతెనలు ఇంకాస్త కూలాయి. ఒకే బిళ్ల, ఒకే దెబ్బ. అయస్కాంతంతో కొలిచినవాళ్లకి పెరిగినట్టు, తీగలు అతికించి కొలిచినవాళ్లకి తగ్గినట్టు కనిపించింది. కొలిచే పద్ధతి చెప్పకుండా ఫలితం చెప్తే ఎంత గందరగోళమో చూడండి. ఇందుకే తర్వాత సరైన ఫలితాల కోసం అందరూ ఏకస్ఫటికాల మీదికి, ఒకే దిక్కుగా పెంచిన దిమ్మల మీదికి వెళ్లారు. ఇందాక మీరు చూసిన బిళ్ల ఆ జాతిదే. ఇలాంటి దిమ్మల్ని పెంచడంలో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లోనూ చాలా ఏళ్లు మంచి పని జరిగింది. కరిగిన ద్రవాన్ని అచ్చులోకి ఇంకించి స్ఫటికం పెంచే పద్ధతిని వాళ్లు ఎంతో శ్రద్ధగా మెరుగుపరిచారు.

సరే, న్యూట్రాన్. దానికి ఆవేశం లేదు. ఎలక్ట్రాన్లు దాన్ని పట్టించుకోవు. నేరుగా కేంద్రకాన్ని గుద్దితేనే దానికి ఎదురున్నట్టు. వేగంగా వచ్చే న్యూట్రాన్ వైబీసీఓలో ఒకసారి గుద్దుకోవడానికి సగటున మూడు నాలుగు సెంటీమీటర్లు ప్రయాణించాలి. మరి తీగగా వాడే టేపులో ఈ సెరామిక్ పొర ఒకటి రెండు మైక్రోమీటర్లే. అంటే ముప్పై వేల న్యూట్రాన్లు దూసుకుపోతే ఒకటి గుద్దుతుంది. అబ్బే, ఇంతేనా అనుకోకండి. ఇందులోనే లాభం ఉంది. ప్రోటాన్లతో, అయాన్లతో కొడితే అవి కొంత లోతుకి వెళ్లి ఆగిపోతాయి. న్యూట్రాన్ దెబ్బలు మాత్రం దిమ్మ లోపలా, అంచునా, ఎక్కడైనా ఒకేలా పడతాయి. వాన పడ్డట్టు, చేనంతా సమానంగా.

గుద్దినప్పుడు ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ వేయండి. న్యూట్రాన్ శక్తి ఒక ఎంఈవీ అనుకోండి, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఎదురుగా కొడితే ఆక్సిజన్‌కి గరిష్ఠంగా 22 శాతం వెళ్తుంది, అంటే 2,20,000 ఎలక్ట్రాన్ వోల్టులు. బేరియం బరువైనది, దానికి 3 శాతం లోపే, సుమారు 29,000. ఒక అణువుని తన చోటు నుంచి లేపడానికి ఎంత కావాలి? కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఇప్పుడు ఆ బేరియం 29,000తో పరిగెత్తుతూ పక్కవాటిని గుద్దుతుంది, అవి తమ పక్కవాటిని గుద్దుతాయి. పెళ్లి భోజనాల దగ్గర బంతిలో ఒకడు తూలి పడితే వరసంతా కదిలినట్టు. క్షణంలో లక్ష కోట్ల వంతు కొన్ని గడిచేసరికి అంతా ఆగిపోతుంది. కానీ అక్కడ ఒక చిన్న గుండ్రటి మచ్చ మిగులుతుంది. మధ్యలో రెండు మూడు నానోమీటర్ల మేర అణువుల క్రమం పూర్తిగా చెదిరిపోయి, దాని చుట్టూ స్ఫటికం గుంజుకుపోయి ఉంటుంది. మొత్తం మీద సుమారు 5 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

5 నానోమీటర్లు! సుడి మధ్యభాగం 3 నానోమీటర్లు అన్నాను కదా? గుంజ కొలత పశువుకి సరిపోయింది. ఎవరూ కొలిచి పెట్టలేదు, ఆ పదార్థం, ఆ న్యూట్రాన్ కలిస్తే అలా కుదిరింది. నాకిది మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అందుకే 1987లోనే, పదార్థం దొరికిన ఏడాదే, స్ఫటికాలు తీసుకెళ్లి రియాక్టర్లలో పెట్టేశారు. 1989లో బెల్ ల్యాబ్స్‌వాళ్లు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. న్యూట్రాన్లు తగిలిన వైబీసీఓ ఏకస్ఫటికం, 77 కెల్విన్ల దగ్గర, చదరపు సెంటీమీటరుకి పది లక్షల ఆంపియర్ల దగ్గరి దాకా మోసింది. నా బిళ్ల వంద. ఇది పది లక్షలు. స్ఫటికాన్ని కొట్టి కొట్టి ఆ స్థాయికి తెచ్చారు. ఈ సెరామిక్‌కి స్వతహాగా ఎంత సత్తా ఉందో, గుంజలు లేకపోవడం వల్లే అది ఎంత వృథా అయ్యేదో అందరికీ తెలిసొచ్చింది.

అమ్మా, నువ్వు చెయ్యెత్తావు, చెప్పు. ... మంచి ప్రశ్న. వెనక వినపడి ఉండదు, మళ్లీ చెప్తాను. "అయితే ఎంత ఎక్కువ కొడితే అంత మంచిదా సార్?" అంటోంది. కాదమ్మా. చేనంతా గుంజలే పాతితే పశువుకి మేత ఎక్కడ?

న్యూట్రాన్ దెబ్బ రెండు రకాల గుర్తులు వదులుతుంది. ఒకటి ఇప్పుడు చెప్పిన పెద్ద మచ్చ. రెండోది చిన్నవి, ఒక ఆక్సిజన్ చోటు తప్పడం, ఒక రాగి అణువు పక్కకి జరగడం, అలాంటివి. ఇవి లెక్కలేనన్ని. మామూలు లోహ అతివాహకాల్లో అయితే ఇలాంటి చిన్న లోపాలు, అయస్కాంత గుణం లేనివైతే, సందిగ్ధ ఉష్ణోగ్రతని, అంటే ఏ ఉష్ణోగ్రత దాటితే అతివాహకత పోతుందో దాన్ని, పెద్దగా కదిలించవు. 1959లో ఆండర్సన్ ఎందుకో వివరించాడు. ఈ రాగి ఆక్సైడ్లలో ఆ రక్షణ లేదు. అతివాహకంలో కరెంటు మోసేవి జతకట్టిన ఎలక్ట్రాన్లు. వీటిలో ఆ ఎలక్ట్రాన్ జంట తరంగం దిక్కుని బట్టి గుర్తు మారుస్తుంది. ఒక దిక్కున ధనం, దానికి అడ్డంగా ఉన్న దిక్కున రుణం. చిన్న లోపం తగిలి ఎలక్ట్రాన్ దిక్కు మారిందంటే ధనం, రుణం కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. జంట విడిపోతుంది. అందుకని ప్రతి చిన్న లోపమూ సందిగ్ధ ఉష్ణోగ్రతని కొంచెం కొంచెంగా కిందికి లాగుతుంది.

ఎంత లాగుతుంది? దీన్ని ఓపిగ్గా కొలిచింది వియన్నావాళ్లు. అక్కడ ఆటమ్‌ఇన్‌స్టిట్యూట్‌లో 250 కిలోవాట్ల చిన్న ట్రిగా రియాక్టర్ ఉంది. హరాల్డ్ వేబర్, ఆయన తర్వాత వచ్చినవాళ్లు దశాబ్దాల తరబడి ఇదే పని. నమూనా లోపల పెట్టడం, కొట్టించడం, తీసి కొలవడం, మళ్లీ లోపల పెట్టడం. చదరపు మీటరుకి 10²², అంటే 1 పక్కన 22 సున్నాలు, అన్ని వేగవంతమైన న్యూట్రాన్లు పోతే సందిగ్ధ ఉష్ణోగ్రత రెండు మూడు కెల్విన్లు పడుతుంది. 92లో రెండు మూడు. అదే సమయంలో ఎక్కువ క్షేత్రంలో మోసే కరెంటు పెరుగుతూ ఉంటుంది. ఇంకా కొడుతూ పోతే ఒక చోట పెరగడం ఆగి, తగ్గడం మొదలవుతుంది. గుంజల వల్ల వచ్చే లాభాన్ని జంటలు విడిపోవడం వల్ల వచ్చే నష్టం దాటేసిన చోటన్నమాట.

ఆ చోటు స్థిరంగా ఒకే దగ్గర ఉండదు, ఇది చూడండి. 77 కెల్విన్ల దగ్గర వాడితే తొందరగా వస్తుంది, ఎందుకంటే 92కీ 77కీ మధ్య ఉన్నదే కొంచెం, అందులో నాలుగైదు పోతే మిగిలేదేముంది? 20, 30 కెల్విన్ల దగ్గర వాడితే చాలా ఆలస్యంగా వస్తుంది. ఇంకో సంగతి. ఇప్పుడు టేపులు తయారుచేసేవాళ్లు బేరియం జిర్కొనేట్ అనే పదార్థంతో నానోకడ్డీలు ముందే లోపల పెట్టి అమ్ముతున్నారు. కొత్తలో కొలిస్తే ఆ టేపే గొప్ప. న్యూట్రాన్లు తగిలితే మాత్రం కడ్డీలు లేని టేపు కొంతకాలం బాగుపడుతుంది, కడ్డీలున్నది ముందుగా దిగజారుతుంది. ముందే గుంజలు పాతి ఉన్న చేనులో కొత్త గుంజ వల్ల ఒరిగేదేం లేదు, మేత తగ్గడం మాత్రం మామూలే. షాపులో ఏది మేలైనదో రియాక్టర్లోనూ అదే మేలైనది కావాలని లేదు.

క్షేత్రం దిక్కు కూడా ముఖ్యమే. వైబీసీఓ పొరలు పొరలుగా ఉంటుంది. క్షేత్రం పొరల వెంబడి ఉంటే ఆ పొరలే సుడుల్ని పట్టుకుంటాయి. న్యూట్రాన్లు ఆ పొరల్ని చెదరగొడతాయి కాబట్టి ఆ దిక్కులో కరెంటు తగ్గొచ్చు. పొరలకి అడ్డంగా ఉన్న క్షేత్రంలో మాత్రం బాగా పెరుగుతుంది. గుండ్రటి మచ్చకి అన్ని దిక్కులూ ఒకటే కదా.

ఇదంతా ఇప్పుడెందుకు? ఎవరు టేపుని న్యూట్రాన్లలో పెడతారు? కేంద్రక సంలీన రియాక్టర్లు, అంటే తేలిక కేంద్రకాల్ని కలిపి శక్తి తీసేవి, కట్టేవాళ్లు పెడతారు, పెట్టక తప్పదు. డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే 14.1 ఎంఈవీల న్యూట్రాన్ వస్తుంది. ఆ మంటని పట్టి ఉంచేది అయస్కాంతం. ఫ్రాన్సులో కదరాష్ దగ్గర చాలా దేశాలు కలిసి కడుతున్న సంలీన రియాక్టర్ ఐటర్‌లో అయస్కాంతాలు నయోబియం లోహపు జాతివి. మన దేశం అందులో భాగస్వామి, దాని పెద్ద క్రయోస్టాట్, అంటే అయస్కాంతాల్ని చల్లగా ఉంచే పాత్ర, గుజరాత్‌లోని హజీరాలో తయారై ముక్కలుగా ఓడలెక్కింది. అక్కడ అయస్కాంతాల మధ్య ఉండే ఇన్సులేషన్ జీవితకాలం మొత్తంలో తట్టుకోవాల్సిన న్యూట్రాన్ల లెక్క, ఇందాక చెప్పిన ఆ 10²². సెరామిక్ టేపులతో చిన్న రియాక్టర్లు కట్టాలనుకునేవాళ్లు వేరే ఉన్నారు. 2021 సెప్టెంబర్ 5న ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ అనే కంపెనీ కలిసి 20 కెల్విన్ల దగ్గర 20 టెస్లాల అయస్కాంతాన్ని నడిపి చూపించారు. దానిలో 267 కిలోమీటర్ల టేపు ఉంది! హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేంత పొడుగు, మందం మాత్రం విజిటింగ్ కార్డు కంటే తక్కువ. రియాక్టర్ చిన్నదైతే మంటకీ అయస్కాంతానికీ మధ్య అడ్డుగోడకి చోటు తక్కువ. గోడ పలచనైతే న్యూట్రాన్లు ఎక్కువ. కాబట్టి టేపు ఎన్నేళ్లు బతుకుతుందనేది ఆ రియాక్టర్ ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేస్తుంది.

20 టెస్లాలు అన్నాను. ఇందాకటి అంకె గుర్తుందా? సుడుల మధ్య 11 నానోమీటర్లు. గుంజ వెడల్పు 5. ఇంత దట్టంగా సుడులున్నప్పుడు ప్రతిదానికీ ఒక గుంజ దొరకాలంటే ఎన్ని కావాలో ఊహించండి. దెబ్బలు కొంతవరకు మంచివే అని నేను అంటున్నది అందుకే.

ఇప్పుడు గడోలినియం దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఇది చాలామంది ఆలస్యంగా గమనించిన విషయం. వైబీసీఓలో యిట్రియం చోట ఇంకో అరుదైన మృత్తిక లోహం పెట్టొచ్చు. గడోలినియం పెడితే టేపు బాగా కుదురుతుంది, చాలామంది తయారీదార్లు అదే వాడారు. అతివాహక గుణాల్లో పెద్దగా తేడా లేదు, సందిగ్ధ ఉష్ణోగ్రత ఇంకాస్త ఎక్కువ. ఇక బెంగేముంది?

బెంగ ఉంది. మెల్లగా వచ్చే న్యూట్రాన్లని మింగే గుణాన్ని బార్నుల్లో కొలుస్తాం. యిట్రియానికి 1.3 బార్నులు. గడోలినియం-157కి? సుమారు 2,54,000 బార్నులు. సహజ గడోలినియంలో అది ఆరింట ఒక వంతు ఉంటుంది. ప్రకృతిలో స్థిరంగా దొరికే ఐసోటోపుల్లో ఇంత ఆకలి ఇంకెవరికీ లేదు. మెల్లటి న్యూట్రాన్‌కి అణువుని గుద్ది లేపే సత్తా లేదు. కానీ గడోలినియం దాన్ని మింగి గామా కిరణాలు కక్కుతుంది. తుపాకీ పేలితే భుజానికి వెనక్కి తన్నినట్టు, గామా పోతుంటే కేంద్రకం వెనక్కి తన్నుకుంటుంది. కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు. పెద్ద మచ్చ పడటానికి అది చాలదు, ఒక అణువుని తన చోటు నుంచి జరపడానికి సరిగ్గా చాలు. అంటే పనికొచ్చే గుంజలు తక్కువ, జంటల్ని విడగొట్టే చిన్న లోపాలు ఎక్కువ. వియన్నాలో ఒకే టేపుని రెండు రకాలుగా పెట్టి చూశారు. ఒకదానికి కాడ్మియం రేకు చుట్టారు, ఎందుకంటే కాడ్మియం మెల్లటి న్యూట్రాన్లని ఆపేస్తుంది. ఇంకోదాన్ని ఉన్నదున్నట్టు పెట్టారు. రేకు లేని టేపులో సందిగ్ధ ఉష్ణోగ్రత ఎన్నో రెట్లు వేగంగా పడిపోయింది. ఒక పలచటి రేకు! అంతే తేడా.

సంలీన రియాక్టర్లో న్యూట్రాన్లు అడ్డుగోడలో గుద్దుకుంటూ గుద్దుకుంటూ నెమ్మదిస్తాయి. అయస్కాంతం దగ్గరికొచ్చేసరికి మెల్లటివీ ఉంటాయి. అందుకని ఏ మృత్తిక లోహంతో టేపు చేశారన్నది కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్న. "నీ సెరామిక్‌లో ఏముంది?" అని.

పాడైనదాన్ని బాగుచెయ్యొచ్చా? కొంతవరకు చెయ్యొచ్చు, ఇది నాకు చాలా ఆశ కలిగించే సంగతి. చిన్న లోపాలు వేడికి తిరిగి సర్దుకుంటాయి. 150 డిగ్రీల సెల్సియస్ లాంటి మామూలు వేడిలో కాసేపు ఉంచినా పోయిన సందిగ్ధ ఉష్ణోగ్రతలో కొంత తిరిగొస్తుందని వియన్నావాళ్లు చూపించారు. పెద్ద మచ్చలు ఆ వేడికి చెక్కుచెదరవు, ఇంకా ఎక్కువ వేడి కావాలి. అంటే ఏమైంది? గుంజలు అలాగే ఉన్నాయి, మేత తిరిగి మొలిచింది. కానీ అయస్కాంతంలో చుట్టేసిన టేపుని వేడి చెయ్యడం అంటే మాటలు కాదు. అతుకులకి వాడిన సోల్డర్ కరగకూడదు, ఆక్సిజన్ బయటికి పోకూడదు.

ఇంకా తేలనివి ఉన్నాయి. ఇప్పటిదాకా చేసిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం కేంద్రకాల్ని చీల్చే విచ్ఛిత్తి రియాక్టర్లలో చేసినవి. అక్కడి న్యూట్రాన్లు ఒకటి రెండు ఎంఈవీల చుట్టూ ఉంటాయి, 14 కాదు. 14 ఎంఈవీల న్యూట్రాన్ బేరియాన్ని కొడితే 4 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఇవ్వగలదు. అప్పుడు ఒకే పెద్ద మచ్చ పడుతుందా, చిన్నచిన్న గుంపులుగా విడిపోతుందా? దీనికోసమే స్పెయిన్‌లో గ్రనాడా దగ్గర ఇఫ్మిఫ్-డోన్స్ అనే న్యూట్రాన్ కేంద్రం కడుతున్నారు. గాంధీనగర్‌లో మన ప్లాస్మా పరిశోధన సంస్థలోనూ 14 ఎంఈవీల న్యూట్రాన్లనిచ్చే యంత్రం ఉంది, మీలో ఎవరికైనా ఇటు ఆసక్తి ఉంటే అటు చూడండి. రెండోది, రియాక్టర్లో నమూనా గది వేడికంటే పైనే ఉంటుంది. దెబ్బ తగిలిన మరుక్షణం నుంచే కొంత మానుతూ ఉంటుంది. నిజం అయస్కాంతం 20 కెల్విన్ల దగ్గర గడ్డకట్టి ఉంటుంది, అక్కడ గాయం మానదు. 20 దగ్గర కొట్టి, వేడెక్కనివ్వకుండా అక్కడే కొలవాలి. అయాన్లతో, ప్రోటాన్లతో అలా చేస్తున్నారు. న్యూట్రాన్లతో చెయ్యడం చాలా కష్టం.

బాబూ, నీ ప్రశ్న? ... కొట్టిన నమూనాని చేత్తో పట్టుకోవచ్చా అంటున్నాడు. వెంటనే పట్టుకోకూడదు. టేపులో సెరామిక్ మీద వెండి పూత ఉంటుంది, అడుగున నికెల్ మిశ్రమం రేకు ఉంటుంది. న్యూట్రాన్లు తగిలితే రేడియోధార్మికమైన వెండి-110ఎం పుడుతుంది, దాని అర్ధాయువు 250 రోజులు. నికెల్ రేకులో కోబాల్ట్-60, అది అయిదేళ్ల పైచిలుకు. సెరామిక్ దానంతటది పెద్దగా ఇబ్బంది పెట్టదు, దానికి తోడుగా ఉన్న లోహాలే ఇబ్బంది. అందుకని సీసం డబ్బాలో పెట్టి నెలల తరబడి ఆగి, అప్పుడు కొలుస్తారు. ఈ రంగంలో ఒక్క గ్రాఫులో పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య ఒక్కోసారి ఏడాది ఉంటుంది. పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు ఆ ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి.

సరే, డబ్బాలో నైట్రోజన్ అయిపోవస్తోంది. బిళ్లని ఇలా అయస్కాంతం కిందే వేలాడదీసి ఉంచుతాను. ఇది మెల్లగా వేడెక్కుతుంది. 92 కెల్విన్లకి ఇంకా కొంచెం దూరం ఉండగానే పట్టు సడలుతుంది, మొదట కాస్త కిందికి జారుతుంది, తర్వాత వదిలేస్తుంది. కింద మెత్తటి గుడ్డ పరిచాను. దగ్గరికి రండి, ఎక్కువసేపు పట్టదు.